రాత్రికి ఎక్కడుంటుంది?

మా అక్క కూతురు విమానం నడపడం నేర్చుకుంటోందని చెబితే మన మిత్రుల్లో చాలామంది ముందు సంతోషిస్తారు. ఆ తర్వాత, ‘అంత పైకి ఒక్కతే వెళ్తుంటే భయం వెయ్యదా?’ అని అడుగుతారు. నిరుడు సెప్టెంబరు చివర్లో ఒక రోజు ఆ పిల్ల చిన్న విమానంలో ఒంటరిగా మూడు ఊళ్ళు చుట్టి రావాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా ఇంట్లో ఎవరికీ ఆకాశం గురించి భయం వెయ్యలేదు. సాయంత్రం అయిదు దాటాక, విమానం నేల మీదికి దిగి, చక్రాలకి అడ్డాలు పెట్టి, రెక్కలు తాళ్ళతో కట్టేసి, భద్రంగా నిలబడి ఉన్నప్పుడు అందరికీ భయం మొదలైంది.

ఆ భయం గురించీ, దాని పేరు చెప్పి తర్వాత జరిగిన ఒక అన్యాయం గురించీ రాయాలని కొన్ని నెలలుగా అనుకుంటున్నాను. అటువంటి అన్యాయమే మన సంస్థల్లో, మన సంతకాలతోనే జరుగుతోంది కనక ఈ పత్రికలోనే రాయాలనిపించింది. పిల్ల పేరు, శిక్షణ సంస్థ పేరు, ఊళ్ళ పేర్లు ఇవ్వడం లేదు. తను ఇంకా అక్కడే చదువుకుంటోంది. పరిశోధనలో మాట్లాడిన స్త్రీల వివరాలు దాచడం నాకు పాత అలవాటే. సొంత ఇంటి మనిషి విషయంలో ఆ అలవాటు పాటించడం ఇంకా అవసరం అనిపించింది.

‘క్రాస్ కంట్రీ’ అంటే దేశాన్ని ఈ చివర్నించి ఆ చివరికి దాటడం అనుకునేదాన్ని. కాదట. బయలుదేరిన చోటు వదిలిపెట్టి, దారి చూసుకుంటూ మరో విమానాశ్రయానికి వెళ్ళడాన్ని అలా అంటారు. నేర్చుకునేవాళ్ళు మొదట ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని ఉండగా రన్‌వే చుట్టూనే తిరుగుతారు. ఒక రోజు ఆయన దిగిపోయి, ‘ఇక నువ్వొక్కదానివే ఒక చుట్టు తిరిగి రా’ అంటాడు. అదే మొదటి సోలో. కానీ అప్పుడు కూడా కింద రన్‌వే కనబడుతూనే ఉంటుంది, ఆయన చూస్తూనే ఉంటాడు. క్రాస్ కంట్రీలో అవేవీ ఉండవు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే మొత్తం 200 గంటలు నడపాలి. అందులో 100 గంటలు ‘పైలట్ ఇన్ కమాండ్’గా, అంటే విమానం బాధ్యత మొత్తం తన మీదే వేసుకుని నడపాలి. ఆ నూరులో 20 గంటలు క్రాస్ కంట్రీ అయి ఉండాలి. వాటిలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్ళకి తగ్గకూడదు, మధ్యలో వేరే రెండు విమానాశ్రయాల్లో దిగి, పూర్తిగా ఆగి, మళ్ళీ బయలుదేరాలి. 300 నాటికల్ మైళ్ళంటే సుమారు 556 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బెంగుళూరికి రోడ్డు మీద ఎంత దూరమో దాదాపు అంత. ‘ఇది వాళ్ళకి పెళ్ళంత ఘట్టం’ అన్నాడు మా బావ. (ఆడపిల్ల బతుకులో ఏది ముఖ్యమైనా దాన్ని పెళ్ళితోనే కొలవాలా అని అడిగాను. నవ్వేశాడు.)

ఆ ప్రయాణం ముందు రోజు నేను అక్కడికి వెళ్ళాను. హాస్టల్ గదిలో మంచం మీద మ్యాపు పరిచి, పెన్సిలుతో మూడు గీతలు గీసి త్రికోణం వేసుకుని కూర్చుంది. గీత మీద పది నిమిషాలకొక గుర్తు పెట్టింది. ఇక్కడ నది వంపు తిరుగుతుంది, ఇక్కడ రైలు పట్టాలు రోడ్డుని దాటుతాయి, ఇక్కడ పెద్ద చెరువు. గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో చూసి, విమానం ముక్కు ఎన్ని డిగ్రీలు పక్కకి తిప్పి పట్టుకోవాలో లెక్క వేసింది. ఒక్క డిగ్రీ తప్పు పట్టుకుంటే అరవై మైళ్ళు వెళ్ళేసరికి ఒక మైలు పక్కకి పోతామని నాకు వేళ్ళతో చూపించింది. ఏ గుర్తు ఎన్నింటికి రావాలి, అక్కడికి ఎంత పెట్రోలు అయిపోవాలి, రాకపోతే ఏం చెయ్యాలి – అన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంది. సైన్యం దగ్గర్నుంచి అనుమతి నంబరు కూడా రావాలిట.

నేను ఆ మ్యాపు వంక చూస్తూ వేరే ఆలోచనలో పడ్డాను. ఈ పిల్ల ఇంటర్మీడియట్ రెండేళ్ళూ విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది. రెండేళ్ళలో విజయవాడ చూసింది బస్సు కిటికీలోంచే. కృష్ణ ఎటు పారుతుందో చెప్పమంటే చెప్పలేకపోయేది. మన ఊళ్ళల్లో మగపిల్లాడికి పన్నెండేళ్ళు వచ్చేసరికి సైకిలు మీద తిరిగి తిరిగి ఊళ్ళో ప్రతి సందూ తెలిసిపోతుంది. ఆడపిల్లకి ఇల్లు, బడి, ట్యూషను – మూడు చుక్కలు, వాటి మధ్య ఎవరో ఒకరు దింపి తీసుకొచ్చే దారి. తప్పిపోయే అవకాశమే ఎప్పుడూ ఇవ్వరు. తప్పిపోయి మళ్ళీ దారి కనుక్కోవడం కూడా ఒక విద్యేనని, అది నేర్పకుండా పెంచుతున్నామని మనకి తోచదు. ఇరవయ్యేళ్ళకి ఈ పిల్ల చదవడం నేర్చుకున్న మొదటి మ్యాపు ఆకాశం నుంచి చూసేది!

‘దారి తప్పితే ఏం చేస్తావే?’ అని అడిగాను. అయిదు పనులు చెప్పింది. ఇంకా పైకి ఎక్కాలి, ఎక్కువ దూరం కనబడుతుంది. రేడియోలో పిలవాలి. దారి తప్పానని ఒప్పుకోవాలి. వాళ్ళు చెప్పింది చెయ్యాలి. పెట్రోలు పొదుపు చేసుకోవాలి. మూడోది విని ఆగిపోయాను. తప్పిపోయానని ఒప్పుకోవడం కూడా నైపుణ్యంలో భాగంగా నేర్పుతారా? సిగ్గుపడి ఆలస్యం చేస్తే పెట్రోలు అయిపోతుంది కనక నేర్పుతారుట. మన ఇళ్ళల్లో ఆడపిల్ల ‘నాకు అక్కడ ఇబ్బంది అయింది’ అని ఒప్పుకుంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. మర్నాటి నుంచి కాలేజీ మాన్పిస్తారు. అందుకే పిల్లలు చెప్పరు.

మరో విషయం కూడా నన్ను కట్టిపడేసింది. విమానాన్ని ఏం చెయ్యాలన్న విషయంలో తుది నిర్ణయం పైలట్ ఇన్ కమాండ్‌దే. అంతర్జాతీయ నియమాల్లో ఉన్న మాట ఇది. ఒంటరిగా వెళ్తున్న విద్యార్థినికి కూడా ఆ క్షణాన ఆ హోదా ఉంటుంది. ఫోను రీచార్జి దగ్గర్నుంచి వాళ్ళ నాన్నే నిర్ణయించే పిల్ల! అటువంటి పిల్లని ఒక వ్యవస్థ కూర్చోబెట్టి, ప్రమాదాలన్నీ విప్పి చెప్పి, లెక్కలు నేర్పి, పరీక్ష పెట్టి, ఆ తర్వాత ‘ఇక నీ ఇష్టం, వెళ్ళు’ అంటోంది. మన సమాజంలో ఆడపిల్లతో ఇలా మాట్లాడే చోటు ఇంకొకటి ఉందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ముందే సెస్నా 172లో బయలుదేరింది. నాలుగు సీట్ల విమానం, ఒక్క మనిషి. నేను హేంగర్ బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. మొదటి ఊరికి చేరానని కబురొచ్చింది. అక్కడ పార్కింగు దగ్గర ఏదో ఆలస్యమై, రెండో ఊరికి బయలుదేరేసరికి పదకొండు దాటింది. సెప్టెంబరు చివర్లో మధ్యాహ్నం అయ్యేకొద్దీ మేఘాలు కాలీఫ్లవర్ పువ్వుల్లా పైకి పెరుగుతాయి. ఇరవై నిమిషాలు వెళ్ళాక ఎదురుగా అలాటి గోడ కనబడింది, కింద నల్లగా వాన. పక్కనించి దాటి పోవచ్చా అని కాసేపు చూసి, వెనక్కి తిరిగి మొదటి ఊళ్ళోనే దిగింది. వాన తగ్గుతుందేమోనని నాలుగింటిదాకా చూశారు. కళ్ళతో నేలని చూసుకుంటూ నడిపే పద్ధతిలో వెళ్ళే విమానాలు చీకటి పడేలోపు దిగి తీరాలి. ఇక ఈ రోజుకి బయలుదేరనని తనే చెప్పింది. ఇన్‌స్ట్రక్టరు ఫోనులో విని, ‘సరైన పని చేశావు’ అన్నాడు. ఆయన్ని గురించి నాకేం ఫిర్యాదు లేదు.

అక్కడితో విమానం కథ అయిపోయింది, ఆడపిల్ల కథ మొదలైంది.

‘రాత్రికి ఎక్కడుంటుంది?’

మా బావ అడిగాడు, అక్క అడిగింది, ఒంగోలు నుంచి మా అమ్మ అడిగింది, శిక్షణ సంస్థ మేనేజరు అడిగాడు. విమానాన్ని అక్కడే వదిలేసి టాక్సీ మాట్లాడుకుని వచ్చెయ్యమన్నాడు మా బావ. రెండువందల కిలోమీటర్లు, చీకట్లో, ముక్కూ మొహం తెలియని డ్రైవరుతో రావడం హోటల్లో తలుపేసుకుని పడుకోవడం కన్నా క్షేమమని ఆయనకి ఎందుకనిపించిందో ఇప్పటికీ చెప్పలేడు. ‘ఇంటికి వస్తున్నట్టుంటుంది కదా’ అంటాడు. మేనేజరు ఒక మగ ఉద్యోగిని కారులో ‘తోడు’ పంపుతానన్నాడు. ఆ ఉద్యోగి ఎవరో పిల్లకి సరిగా తెలియదు! నేను ఫోను తీసుకుని మాట్లాడితే, ‘పిన్నీ, విమానం నా బాధ్యత. దాన్ని వదిలేసి ఎలా వస్తాను? రేపు పొద్దున్న నేనే తీసుకొస్తాను’ అంది.

విమానాశ్రయంలో పనిచేసే ఒకావిడ చెప్పిన హోటల్లో గది తీసుకుంది. ఆ రాత్రి తను నిద్రపోలేదు. పదకొండింటికి ఎవరో తలుపు కొట్టారు. ఆధార్ కాపీ కావాలన్నారు. పొద్దున్న ఇస్తానంది. మళ్ళీ పావుగంటకి కొట్టారు. కుర్చీ తలుపుకి అడ్డం పెట్టి, లైటు వేసుకుని, మంచం మీద కూర్చుంది. మర్నాడు తొమ్మిదింటికల్లా విమానం తెచ్చి మెత్తగా దింపింది. టీ తాగుతూ నాతో అన్న మాట ఇది: ‘పైన మేఘం కనబడగానే ఏం చెయ్యాలో తెలుసు పిన్నీ. కింద తలుపు కొడితే ఏం చెయ్యాలో తెలియలేదు.’

కనక ఆ భయం అబద్ధమని నేననడం లేదు. పిల్ల చెప్పిన మాటలో తేడా ఎక్కడుందో చూడమంటున్నాను. మేఘాలు అడ్డం రావచ్చు, రాత్రికి వేరే ఊళ్ళో ఉండిపోవలసి రావచ్చు అన్నది ఆ చదువులో అందరికీ తెలిసిన విషయం. అయినా ఆ సంస్థ దగ్గర ఏ ఊళ్ళో ఎక్కడ ఉండాలన్న జాబితా లేదు, అందుకు డబ్బిచ్చే ఏర్పాటు లేదు, రాత్రి పదకొండింటికి ఫోనెత్తే మనిషి లేడు. మేఘం గురించి మూడు పుస్తకాలున్నాయి, గది గురించి ఒక్క కాగితం లేదు. అంతకు ముందు మగపిల్లలు ఇలాగే బయట ఊళ్ళల్లో చిక్కుకున్నారు. కుర్చీల్లో పడుకున్నారు, బస్టాండు పక్క లాడ్జీల్లో ముగ్గురేసి సర్దుకున్నారు. వాళ్ళకది చెప్పుకుని నవ్వుకునే కథ. కాబట్టి ఏర్పాటు లేకపోవడం ఎవరి కంటికీ లోపంగా కనబడలేదు. ఆడపిల్ల చిక్కుకునేసరికి లోపం కనబడింది. కానీ ఏర్పాటులో కాదు, ఆడపిల్లలో!

వారం తిరక్కుండా ఒక నియమం వచ్చింది. ఇకనుంచి ఆడపిల్లలు పొద్దున్న మొదటి విడతలో, రోజంతా వాతావరణం బాగుంటుందని తేలిన రోజునే, దూరం వెళ్ళాలి. మగపిల్లలకి ఈ షరతు లేదు. ఆ బ్యాచిలో ముప్ఫై మంది దాకా ఉంటే ఆడపిల్లలు నలుగురు. వానాకాలం వెళ్ళేదాకా మగపిల్లలకి గంటలు పెరుగుతుంటే వీళ్ళు హేంగర్లో కూర్చున్నారు. ఒక్కో నెల ఆలస్యానికీ హాస్టలు ఖర్చు ఉంది, బ్యాంకు వడ్డీ ఉంది. మా బావ దీనికోసం ఎకరంన్నర పొలం అమ్మాడు, మిగిలినదానికి అప్పు చేశాడు. నియమం కాగితం మీద పెట్టలేదు, నోటితో చెప్పారు. ఎందుకని అడిగితే, ‘మీ మంచికే కదా’ అన్నారు. మంచికోసం పెట్టిన నియమాన్ని రాసివ్వడానికి భయం ఎందుకో!

ఆడవాళ్ళని మంచి వాతావరణంలోనే ఎగరనివ్వాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1934 చివర్లో అమెరికాలో హెలెన్ రిచీ అనే ఆమెని సెంట్రల్ ఎయిర్‌లైన్స్ పైలట్‌గా తీసుకుంది. మగ పైలట్ల సంఘం ఆమెని చేర్చుకోలేదు. వాతావరణం బాగున్న రోజుల్లోనే ఆమెని ఎగరనివ్వాలని అధికారుల నుంచి ఒత్తిడి వచ్చింది. వాన రోజుల్లో పనికిరాని పైలట్‌ని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? 1935లోనే ఆమె ఉద్యోగం వదిలేసింది. దానికి రెండేళ్ళ ముందు, 1933లో, చికాగోలో జరిగిన విమానాల పందెంలో ఫ్లారెన్స్ క్లింగెన్‌స్మిత్ కూలిపోయి చనిపోయింది. మరుసటేడు బెండిక్స్ పందెంలో ఆడవాళ్ళని రానివ్వలేదు. అటువంటి పందేల్లో మగవాళ్ళు ఎంతోమంది చచ్చిపోయారు, ఎవరూ మగవాళ్ళని నిషేధించలేదు. మగవాడు కూలితే అది యంత్రం తప్పో, గాలి తప్పో, ఆ మనిషి తప్పో అవుతుంది. ఆడది కూలితే అది ఆడజాతి తప్పు. మళ్ళీ తలుపులు తెరిచాక, 1936లో ఆ బెండిక్స్ పందెం గెలిచింది లూయీజ్ థేడెన్, బ్లాంచ్ నోయిస్ అనే ఇద్దరు స్త్రీలు. గెలుపుని మాత్రం ఎవరూ ఆడజాతికి ఆపాదించలేదు.

మన దగ్గరికి వద్దాం. 1936లోనే లాహోర్‌లో సరళా ఠక్రాల్ చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపింది. అప్పటికి ఆమెకి నాలుగేళ్ళ కూతురు. 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ని ఎనిమిది సంస్థలు కాదన్నాయని చెబుతారు. చివరికి తీసుకున్నది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఇది మనం గర్వంగా చెప్పుకునే విషయమే. కానీ కథలో రెండో సగం చెప్పుకోం. ఆమె కో-పైలట్‌గానే ఉండిపోయింది, విమానం బాధ్యత పూర్తిగా ఆమె చేతికి ఇవ్వలేదు, అందుకే అక్కడినించి వెళ్ళిపోయింది. 1949లో జాతీయ విమాన పందెం గెలిచిన మనిషి ఆమె! లోపలికి రానిస్తారు, పక్క సీటు ఇస్తారు, కమాండ్ ఇవ్వరు. మన పంచాయితీల్లో, యూనివర్సిటీల్లో, చివరికి కొన్ని ఉద్యమ సంఘాల్లో కూడా ఇదే వరస చూస్తున్నాం కదా.

ఇక్కడ ఒక అంకె గురించి కూడా మాట్లాడాలి. భారతదేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం స్త్రీలని, ప్రపంచంలో సగటు 5 శాతమేనని ప్రభుత్వం కొన్నేళ్ళుగా చెబుతోంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరికి ఉత్తరధ్రువం మీదుగా నలుగురు స్త్రీలే విమానం నడిపి తెచ్చినప్పుడు, వాళ్ళలో మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి ఉన్నప్పుడు, నేనూ సంతోషించాను. అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకెకి కారణంగా చెప్పే ‘కుటుంబ సహకారం’ అన్న మాట దగ్గర సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఆగుతాను. పైలట్ పిల్లల్ని ఎవరు పెంచుతున్నారు? అమ్మమ్మలు, నాయనమ్మలు, పనిమనుషులు. ఒక స్త్రీ ఎగరడానికి మరో ఇద్దరు స్త్రీలు ఇంట్లో నిలబడుతున్నారు, వాళ్ళకి లాగ్‌బుక్కులు లేవు. నేను మాట్లాడిన నలుగురు అమ్మాయిల్లో ఒక్కరు కూడా కూలి చేసుకునే ఇంటినించి రాలేదు. అమ్మడానికి ఎకరంన్నర ఉన్నవాళ్ళ ఆడపిల్లల కష్టం ఇది. ఆ సంగతి మరిచిపోయి నేనిది రాయడం లేదు. అయితే పొలం అమ్ముకుని వచ్చిన పిల్లకే ‘రాత్రికి ఎక్కడుంటుంది’ అన్న ప్రశ్న ఇంత అడ్డం పడితే, ఆఖరి బస్సులో తండాకి వెళ్ళే మన క్షేత్ర కార్యకర్తకి ఎంత అడ్డం పడుతుంది?

అక్కడికే వస్తున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గంలో నేనూ ఉన్నాను. స్త్రీల హక్కుల మీదే పనిచేసే సంస్థ. సాయంత్రం ఊళ్ళోంచి తిరిగొస్తున్న మా కార్యకర్తని ఇద్దరు మనుషులు బండి మీద వెంటపడి వేధించారు. మేమందరం చాలా బాధపడ్డాం, కోపం తెచ్చుకున్నాం, సమావేశం పెట్టుకున్నాం. చివరికి ఏం తీర్మానించాం? స్త్రీ కార్యకర్తలు సాయంత్రం నాలుగు తర్వాత దూరపు ఊళ్ళల్లో ఉండకూడదని! దానికింద నా సంతకం ఉంది. కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు ఇంటికొచ్చేదే ఆరింటికి. నాలుగు తర్వాత వెళ్ళలేని కార్యకర్త వాళ్ళతో ఎప్పుడు మాట్లాడుతుంది? మూడు నెలలు తిరిగేసరికి దూరపు ఊళ్ళన్నీ మోటారు సైకిళ్ళున్న మగ కార్యకర్తల చేతికి వెళ్ళాయి. ఏడాది తర్వాత కోఆర్డినేటరు ఉద్యోగం ఖాళీ అయినప్పుడు ‘ఫీల్డు అనుభవం’ ఎక్కువున్న మగవాడికే ఇచ్చాం. వేధించిన ఆ ఇద్దరి మీద కేసు ఏమైందో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. ఆమె మాత్రం ఉద్యోగం మానేసింది.

దీన్ని మనం రక్షణ అన్నాం. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా ఫ్యాక్టరీలో పనిచెయ్యకూడదన్నప్పుడు కూడా రక్షణ అనే అన్నారు. 2000లో మద్రాసు హైకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. ఆడపిల్లల హాస్టళ్ళ గేట్లకి పెందరాళే తాళం వేసి రక్షణ అన్నారు. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ అంటూ దాన్ని ప్రశ్నించారు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబై వీధుల గురించి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో స్త్రీలకి కావలసింది భద్రత అనే దయ కాదని, ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కని వాదించారు. అది చదివినప్పుడు ఒప్పుకున్నాను గానీ లోపల ఎక్కడో శంక ఉండేది. ప్రమాదం కూడా ఒక హక్కేనా అని. మేఘం చూసి వెనక్కి తిరిగిన ఈ పిల్లని చూశాక ఆ వాదన నాకు పూర్తిగా అర్థమయింది. విమానాల ప్రపంచం ప్రమాదం లేదనదు, వెళ్ళొద్దనీ అనదు. ప్రమాదాన్ని కొలుస్తుంది, దాన్ని తట్టుకునే ఏర్పాట్లు చేస్తుంది, మనిషికి నేర్పుతుంది, ఆ తర్వాత ఆ మనిషి నిర్ణయాన్ని గౌరవిస్తుంది. చీకటి పడేలోపు దిగాలన్న నియమం అక్కడా ఉంది. కానీ అది చూపుకి సంబంధించింది, ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకటే, రాసి ఉన్నది, రాత్రి ఎగరడం నేర్చుకున్నవాళ్ళకి వేరే దారి చూపించేది. మన హాస్టలు గేటు నియమంలో ఈ నాలుగు లక్షణాల్లో ఒక్కటైనా ఉందా?

మన ఉద్యమానికి ఇది తెలియనిది కాదు. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా బాల్యవివాహం ఆపబోయి, ఆ పని చేసినందుకే అత్యాచారానికి గురయింది. సాథిన్‌లు ఊళ్ళల్లోకి వెళ్ళడం మానెయ్యాలని మనం అనలేదు. యజమాని బాధ్యత ఏమిటని అడిగాం. అలా అడిగినందువల్లే 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది. ఉద్యోగం పని మీద వెళ్ళిన ప్రతి చోటూ, యజమాని ఏర్పాటు చేసిన ప్రయాణంతో సహా, పనిస్థలమే అని ఆ చట్టం చెబుతోంది. ఈ చట్టం గురించి నేనే ఎన్నో శిక్షణా తరగతుల్లో గొంతెత్తి చెప్పాను, నాలుగింటి తీర్మానం మీద సంతకం పెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

నలుగురు అమ్మాయిలూ కలిసి నవంబరులో మేనేజ్‌మెంటుకి ఉత్తరం రాశారు. భాష నేను దిద్దుతానంటే వద్దన్నారు, మంచిదే అయింది. నేను రాసి ఉంటే అందులో పితృస్వామ్యం అన్న మాట నాలుగు సార్లు వచ్చేది. వాళ్ళు మూడే విషయాలు అడిగారు. నియమం ఉంటే రాసివ్వండి, అందరికీ ఒకేలా పెట్టండి. దారిలో ఉన్న ప్రతి ఊళ్ళోనూ రాత్రి ఉండటానికి తగిన చోటు ముందే మాట్లాడి ఆ వివరాలు విమానంలో కాగితాలతో పాటు పెట్టండి. ఎవరైనా బయట ఆగిపోయిన రాత్రి ఫోనెత్తే మనిషిని పెట్టండి. సంతకాలు పెట్టేటప్పుడు ఇద్దరు మగపిల్లలు కూడా వచ్చి పెట్టారు. బస్టాండు పక్క లాడ్జీ నల్లులు వాళ్ళకీ నచ్చలేదుట.

జవాబు రాలేదు. మా పిల్ల ఆ దూర ప్రయాణం డిసెంబరులో పూర్తి చేసింది, మూడు గంటల చిల్లర పట్టింది, రెండు చోట్లా దిగింది, మధ్యాహ్నానికి ముందే తిరిగొచ్చింది. చలికాలం ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి ఆ నియమం ఎవరికీ అడ్డు రాలేదు, ఎవరూ ఎత్తలేదు. మిగిలిన ఇద్దరు అమ్మాయిలకి ఇంకా దూర ప్రయాణాలు బాకీ ఉన్నాయి. జూన్‌లో మళ్ళీ మేఘాలొస్తాయి.

ఆ పాత తీర్మానం కాపీ సంస్థ ఆఫీసులో వెతికించి తెప్పించుకున్నాను. ఇప్పుడు నేను ఆ కార్యవర్గంలో లేను గానీ, వచ్చే నెల సమావేశంలో దాన్ని మళ్ళీ చర్చకు పెట్టమని ఉత్తరం రాశాను. దూరపు ఊళ్ళకి వెళ్ళే ముగ్గురు కార్యకర్తల్ని కూడా పిలవమన్నాను. ఏ ఊళ్ళో ఎవరింట్లో రాత్రి ఉండొచ్చో, ఆఖరి బస్సు తప్పితే ఆటో ఖర్చు ఎవరిస్తారో, పదకొండింటికి ఫోను ఎవరెత్తాలో వాళ్ళే రాసుకొస్తామన్నారు. ఫోనెత్తే వాళ్ళ జాబితాలో మొదటి పేరు నాది వెయ్యమని చెప్పాను.